పాట అయ్యాక తలుపు తియ్యండి

జనవరి 9

మావయ్యకి,

నీ మేనకోడలు పై మెట్టెక్కింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే బల్ల దగ్గర నిలబడేదాన్ని కాస్తా, ఇప్పుడు ఈ ఊరి ఆసుపత్రి లాండ్రీకి సూపర్‌వైజర్‌ని. కొత్త ఊరు, కొత్త గది, నడుముకి తాళాల గుత్తి. నేను నడుస్తుంటే గుత్తి చప్పుడుకి అందరూ పని చేస్తున్నట్టు నటిస్తున్నారు. గౌరవమంటే ఇదే కాబోలు.

హాలు పొడవాటి షెడ్డు. ఎడమ పక్క బాయిలరు, ఉతికే మెషీన్లు. కుడి పక్క ఆరబెట్టే డ్రమ్ములు, ఇస్త్రీ రోలరు, మడతల బల్లలు. ఎడమ వైపు వాళ్ళని తడివాళ్ళంటారు, కుడి వైపు వాళ్ళని పొడివాళ్ళంటారు. ఒకరికొకరు అస్సలు పడదు. బట్టలు సరిగ్గా పిండకుండా పంపుతున్నారని వీళ్ళ గోల, నీడపట్టున కూర్చుని తింటున్నారని వాళ్ళ గోల. మధ్యలో నేను.

గోడ పలక మీద ఒక క్యాసెట్ ప్లేయర్ ఉంది. ఉన్నవి రెండే క్యాసెట్లు, అరిగి అరిగి పాడటం మానేసి గొణుగుతున్నాయి. తడివాళ్ళూ పొడివాళ్ళూ కలిసి తిట్టేది వాటిని మాత్రమే. చేరిన రోజే నేను గొప్పగా చెప్పేశాను, మా మావయ్యకి పాటల దుకాణం ఉంది, మంచి క్యాసెట్ తెప్పిస్తానని. నీ దుకాణంలో ఎలాంటివి ఉంటాయో చెప్పేశాక గుర్తొచ్చింది.

నా పరీక్షలప్పుడు ఒకటి చేసిచ్చావు చూడు, అలా నీ చేత్తో ఏరిన పాటలతో ఒక క్యాసెట్ చేసి పంపు. ఇక్కడి ఆవిరికీ బ్లీచింగ్ వాసనకీ కళ్ళు మండి రోజంతా నీళ్ళు కారుతున్నాయి. ఏదైనా వింటే కాస్త బావుంటుంది.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ సూపర్‌వైజర్ మేనకోడలు


జనవరి 17

అమ్మడూ,

ఇక్కడ మేం కులాసా. నువ్వు కాదని నీ ఉత్తరం రెండోసారి చదవకుండానే తెలిసిపోయింది. ఆవిరట, బ్లీచింగట. మీ అమ్మ కూడా పెళ్ళైన కొత్తలో ఇంతే, ఏడ్చిన ప్రతిసారీ ఉల్లిపాయల మీదికి నెట్టేది. ఊరు కాని ఊళ్ళో ఒంటరిదానివైపోయావు, ఒప్పుకోడానికి నామోషీ. పర్లేదు, మావయ్య ఇంకా బతికే ఉన్నాడు.

క్యాసెట్ పంపుతున్నాను. తలుపేసుకుని, దీపం తగ్గించి, మొదటి నుంచి చివరిదాకా ఒక్కదానివే విను. మధ్యలో లేవకు. ఇందులో పాటలన్నీ జనం పెడచెవిన పెట్టిన ఆల్బమ్‌లలోవి. మొదటిది వచ్చిన వారానికే దాని కంపెనీ మూతపడింది. వేణువు మొదలయ్యాక గొంతు రావడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టు. మూడోది ఇద్దరు అన్నదమ్ములది. ఆల్బమ్ బయటికొచ్చేలోపు విడిపోయారు. అట్ట మీద ఫోటోలో ఒకడు కిటికీ వైపు, ఒకడు గోడ వైపు చూస్తుంటారు. పాటలో మాత్రం ఒకరి ఊపిరి ఒకరు అందుకుంటారు, విని చూడు.

రెండో వైపు ఆఖరి పాట చేతులు కట్టుకుని వినాల్సింది. మన ఒక్క ఆల్బమ్ ఆవిడది. ఆవిడ జన్మకల్లా చేసింది ఒకే ఆల్బమ్. నేను నమ్మి పెట్టెడు తెప్పించాను. ఒక్కటి కదల్లేదు. ఏది కొన్నా ఇది ఉచితం అని బోర్డు పెట్టాను. తీసుకెళ్ళినవాళ్ళు వెనక్కి తెచ్చిచ్చారు. ఉచితంగా ఇచ్చింది వాపసు చేసే జనాన్ని నా సర్వీసులో అప్పుడే చూశాను. అప్పట్నుంచి బజార్లో నా పేరు వాపసు మావయ్య. ఆ పేరు పెట్టింది మీ అత్తయ్యే, నాకు తెలుసు.

ఆవిడ పాడుతుంటే పక్క గదిలో ఎవరో పని చేసుకుంటూ తనలో తాను పాడుకుంటున్నట్టు ఉంటుంది. మనల్ని మెప్పించాలన్న ఆత్రం ఉండదు. జనానికి నచ్చనిదీ అదే, నేను చెవి కోసుకునేదీ అదే. విని బాగా ఏడువు. తేలికపడతావు.

నీ కళ్ళు తుడిచే మావయ్య


జనవరి 28

మావయ్యకి,

నేను ఏడవడం లేదని ముందుగా మనవి. నా కళ్ళకి పట్టింది ఆవిరే. ఒంటరిగా వినమన్నావు గానీ, నేను క్యాసెట్ అడిగింది హాలుకి. పెట్టింది కూడా హాల్లోనే. ఇప్పుడు నిజంగానే ఏడుపొచ్చే పరిస్థితి.

నీ వేణువు పాట మెషీన్ల మోతలో ఒక్కరికీ వినపడలేదు. ప్లేయర్ పాడైందనుకుని తడివైపు పెద్దక్క దాని నెత్తిన రెండు దెబ్బలు వేసింది. ఆ తర్వాత వచ్చినవన్నీ విరహాలే. రోలరు మీద చేతులు నెమ్మదించాయి. పొడివైపు సన్నక్క ముక్కు చీదడం మొదలుపెట్టింది, అదీ ఆసుపత్రి దిండు గలీబుతో. ఇక ఒక్క ఆల్బమ్ ఆవిడ పాట వచ్చేసరికి హాలు మొత్తం ఆగిపోయింది. బాయిలర్ తాతైతే పాట మధ్యలో బాయిలరే కట్టేశాడు.

ఇక్కడ ఒక సంగతి నీకు తెలియాలి. ఉతికే మెషీన్ దానంతట అది ఆగదు. టైమవగానే గోడ మీద గంట మోగుతుంది. వెంటనే పిడి తిప్పి నీళ్ళు వదిలి, తలుపు తీసి బట్టలు లాగాలి. లేదంటే బ్లీచింగ్ నీళ్ళలో బట్ట చివికిపోతుంది. ఆ రోజు గంట మోగింది, ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆపరేషన్ గదికి వెళ్ళాల్సిన దుప్పట్లు పట్టుకుంటే చిరిగిపోయాయి.

మేనేజర్ ప్లేయర్ తీసుకెళ్ళి తన గదిలో బీరువా మీద పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, చిరిగిన దుప్పట్లకి పైవాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సింది ఆయనే. బతిమాలితే ఒక అవకాశం ఇచ్చాడు. ఫిబ్రవరి ఆఖర్లో ఆసుపత్రి పెద్ద నర్సమ్మ తనిఖీకి వస్తుంది. ఆ రోజు పాటలు పెట్టుకోవచ్చు. ఒక్క మెషీన్ తలుపు ఆలస్యమైనా ఈ హాల్లో ఇక పాట అన్నది ఉండదు. నేను నోరు ఊరుకోక, ఆలస్యమైతే నేనూ మళ్ళీ మడతల బల్లకి పోతానన్నాను. ఆయన సరేనన్నాడు. అంత తొందరగా సరేననాల్సింది కాదు.

ప్లేయర్ లేని హాలు ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. మెషీన్ల రొద, దాని మీద తిట్లు. సన్నక్క పని మానేస్తానంటోంది. ఈసారి హుషారైనవి, అందరికీ తెలిసినవి పంపు. ఒక్క ఆల్బమ్ ఆవిడ మాత్రం వద్దు, నీకు దండం పెడతాను.

తాళాల గుత్తి ఇంకా నడుముకే ఉన్న నీ మేనకోడలు


ఫిబ్రవరి 5

సూపర్‌వైజర్ గారికి,

తమరి ఉత్తరం అందింది. మా పాట వల్ల తమ పని ఆగిపోయినందుకు, ఎవరో పెద్దాయనకి బాయిలర్ కట్టేసేంత విసుగు పుట్టినందుకు చింతిస్తున్నాను. జనం వాపసు చేశారు, తమరు బ్లీచింగ్‌లో ముంచారు. తేడా అంతే.

హుషారైనవి, అందరికీ తెలిసినవి బస్టాండు ఎదురుగా తోపుడు బండి మీద దొరుకుతాయి. మా దగ్గర లేవు.

ఇట్లు,
దుకాణదారు

అమ్మడూ, ఇది అత్తయ్యని. కవరు అంటించమని నా చేతికిచ్చాడు, అందుకని కింద రాస్తున్నాను. ఆయనకి ముక్కు మీద కోపం, నీకు తెలిసిందే. రెండు రోజులుగా దుకాణంలో పాట పెట్టకుండా కూర్చున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఎవరికేమైందని అడిగి వెళ్తున్నారు.

నాకు ఒకటి అర్థం కాలేదు. మీవాళ్ళు ఆ పాట నచ్చక ఆగారా, వినడానికి ఆగారా? ముందు అది రాయి.

ఇంకో మాట. పాట వింటే పనెందుకు చెడుతుందో నాకు తెలీదు. దుకాణం మా వంటింటికి కిందే కదా. ఒక్క ఆల్బమ్ ఆవిడ పాట మొదలవగానే గుడ్లు పొయ్యి మీద పెడతాను, దాని తర్వాతి పాట అయిపోగానే దించుతాను. గడియారం వంక చూసిన పాపాన పోలేదు. ఇన్నేళ్ళలో ఒక్క గుడ్డు పచ్చిగా రాలేదు. ఈ సంగతి మీ మావయ్యకి చెప్పకు. ఆ గొంతుతో గుడ్లు ఉడకబెట్టావా అని ఇంకో రెండు రోజులు అలుగుతాడు.


ఫిబ్రవరి 12

అత్తయ్యకి, ఆ తర్వాత మావయ్యకి,

అత్తయ్యా, మన్నించు. గుడ్ల సంగతి బయటపెట్టక తప్పదు, నా ఉద్యోగం ఇప్పుడు వాటి మీదే ఉంది.

మావయ్యా, వాళ్ళు ఆగింది వినడానికి. నేను రాసిన తీరే బాగాలేదు, నువ్వు చదివిన తీరు అంతకన్నా బాగాలేదు. తాత బాయిలర్ కట్టేసింది దాని బుసకి ఆవిడ గొంతు వినపడటం లేదని. మర్నాడు నా దగ్గరికొచ్చి, ఆ పాడినావిడ ఎక్కడ పనిచేస్తుందని అడిగాడు. పాడటమే ఆవిడ పని అంటే నమ్మలేదు. మనలాగే ఏదో చేస్తూ పాడింది, చేతులు ఖాళీగా ఉంటే అలా రాదన్నాడు.

ప్లేయర్ పోయినా పాట పోలేదు. దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో చివర పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. ఒకరు తొందరపడితే మధ్యలో ముడత పడుతుంది. మొన్న తడివైపు పెద్దక్క దేనికో ఇటు వచ్చింది. సన్నక్క ఒక్కతే పెద్ద దుప్పటితో తంటాలు పడుతోంది. పెద్దక్క వెళ్ళి రెండో అంచు పట్టుకుంది. ఇద్దరి నోట్లోనూ ఒకటే కూనిరాగం, ఒక్క ఆల్బమ్ ఆవిడది. పల్లవి చివర ఇద్దరి చేతులూ కలిశాయి, ముడతన్నది లేదు. వాళ్ళిద్దరూ తిట్టుకోకుండా ఎదురుపడటం ఈ హాల్లో చాలామంది మొదటిసారి చూశారు. నా కళ్ళు చెమర్చాయి. ఈసారి ఆవిరి కాదు, రాసుకో.

అత్తయ్య ఉత్తరం చదివాక నాకు దారి కనిపించింది. మాకు బాయిలర్ ఒకటే కాబట్టి మెషీన్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. ముప్పావు గంట తిరుగుతాయి. నీ దగ్గరున్న పెద్ద క్యాసెట్ ఒక వైపు ఎంతసేపు వస్తుంది? ముప్పావు గంటే కదా. మెషీన్ మొదలైనప్పుడే పాటలూ మొదలుపెడతాం. రెండు వైపులా ఆఖరి పాట ఆవిడదే ఉండాలి. ఆవిడ గొంతు వినపడగానే తడివాళ్ళు తలుపుల దగ్గరికి నడుస్తారు. పాట అయ్యేసరికి చేతులు పిడుల మీద ఉంటాయి. గంట మోగేది ఆ తర్వాత. పాట వింటూ గంట మర్చిపోయారన్నదే కదా గొడవ, పాటే గంటైతే దేన్ని మర్చిపోతారు?

వద్దని రాసిందాన్ని నేనే. ఇప్పుడు ఆవిడ లేకుండా క్యాసెట్ వస్తే వాపసు చేస్తాను.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 20

అమ్మడూ,

గుడ్లు ఉడకబెట్టిందట. ఇన్నేళ్ళూ. నా నెత్తి మీద కూర్చుని.

అలగాలనే వంటింట్లోకి వెళ్ళాను. ఆ పాట చరణాలు మీ అత్తయ్యకి నాకంటే బాగా వచ్చని తేలింది. మూడో చరణంలో ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా చెప్పింది, నీళ్ళు మరిగేది సరిగ్గా అక్కడేనట. ఇంట్లో ఇంత వినే మనిషిని పెట్టుకుని నేను బజారంతా వెతికాను. కోపం ఎటు పోయిందో పోయింది.

క్యాసెట్ తయారైంది. తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పాట ఎక్కువైతే టేపు చాలదు, ఒకటి తగ్గితే ఆవిడ ముందే వచ్చేస్తుంది. మీ అత్తయ్య గడియారం పట్టుకుని పక్కనే కూర్చుని, అది తీసెయ్, ఇది పెట్టు అని నా దుకాణంలో నన్నే పనివాణ్ణి చేసింది. మొదటిది డోళ్ళ ఆల్బమ్‌లోది. గొంతే ఉండదు. కొన్నవాళ్ళు పాడేవాడేడని నిలదీసేవారు. మెషీన్ల మోతకి అదే సరైన మొగుడు. తర్వాత అన్నదమ్ములది, ఈసారి విరహం కాదు, ఇద్దరూ పోటీపడి పాడింది. తడివాళ్ళకీ పొడివాళ్ళకీ నా తరఫున కానుక. ఆ తర్వాత రైలు కూతతో మొదలయ్యే ఆల్బమ్ ఒకటి, ఓ పాఠశాల టీచరమ్మ తన పిల్లలచేత పాడించిన ఆల్బమ్ ఒకటి. ఎవరూ వినలేదన్న మాటే గానీ, ఒక్కటీ చేతిని నెమ్మదించనివ్వదు. అందరికీ తెలిసిన పాట ఒక్కటంటే ఒక్కటి పెట్టాను, నీ మొహం చూసి. దాన్ని ఎక్కించేటప్పుడు నేను బయటికెళ్ళి నిలబడ్డాను.

ఆఖరిది ఆవిడ. రెండు వైపులా.

నా భయం ఒక్కటే. మీ ప్లేయర్లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే పాట ఈడుస్తుంది, నా లెక్కంతా నవ్వులపాలవుతుంది. కవర్లో కొత్త బెల్టు కూడా పెట్టాను. బాయిలర్ తాతకి ఇవ్వు. ఆ పాట కోసం బాయిలరే కట్టేసిన మనిషి, బెల్టు మార్చలేడా. ఆయనకి నా నమస్కారాలు రాశానని చెప్పు.

ఆ రోజు ఏం జరిగినా దాచకుండా రాయి. ఆవిడ వల్ల నువ్వు బల్లకి దిగాల్సి వస్తే, నేను దుకాణంలో ఇక ఏ పాటా ఎవరికీ సిఫారసు చెయ్యను.

మావయ్య
(పక్కనే అత్తయ్య, గడియారంతో)


మార్చి 2

మావయ్యకి, అత్తయ్యకి,

మొత్తం వరుసగా రాస్తాను, ముందే చివరికి దూకకండి.

తాత మేనేజర్ గదికే వెళ్ళి బెల్టు మార్చాడు. తనిఖీ రోజుదాకా పాట పెట్టి చూసే వీల్లేదు, ప్లేయర్ మేనేజర్ బీరువా మీదే ఉంది కదా. అందుకని తడివాళ్ళనీ పొడివాళ్ళనీ కూర్చోబెట్టి నోటితోనే చెప్పాను, ఎవరి పాట వస్తే ఎటు నడవాలో. పెద్దక్క అంతా విని, అర్థమైంది, పాట అయ్యాక తలుపు తియ్యాలి, దానికింత ఉపన్యాసం ఎందుకంది.

పెద్ద నర్సమ్మ పొద్దున్నే వచ్చింది. నవ్వు మర్చిపోయిన మొహం. మేనేజర్ చేతిలో గడియారం. మెషీన్లూ పాటలూ ఒకేసారి మొదలయ్యాయి. డోళ్ళ పాట నిజంగానే మోతని మింగేసింది. టీచరమ్మ పిల్లల పాటకి రోలరు దగ్గర దిండు గలీబులు గాల్లో ఎగిరాయి. నువ్వు బయటికెళ్ళి నిలబడి ఎక్కించిన హిట్టు పాటకి ఎవరూ తలెత్తలేదు, అది నీకు పండగే అనుకుంటాను. మొదటి వైపు ఆఖర్న ఆవిడ గొంతు వినపడింది. తడివాళ్ళు నడిచారు. పాట ఆగింది, గంట మోగింది, తలుపులు తెరుచుకున్నాయి. మేనేజర్ గడియారం చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

క్యాసెట్ తిప్పాం, మళ్ళీ మెషీన్లు నింపాం. రెండో వైపు ఆఖర్న మళ్ళీ ఆవిడ. పెద్ద నర్సమ్మ మడతల బల్ల దగ్గర నిలబడి చూస్తోంది. పాట అయిపోయింది. పెద్దక్క పిడి తిప్పింది, వరసగా అందరూ తిప్పారు. తలుపులు తెరుచుకున్నాయి.

గంట మోగలేదు.

మేనేజర్ పరుగున వచ్చాడు. గంట మోగకుండా తలుపులెందుకు తీశారు, బట్ట సగమే ఉతికారు, అయిపోయింది, అంతా అయిపోయింది అంటున్నాడు. నేను నడుము మీది గుత్తి విప్పడానికి చెయ్యి కూడా పెట్టాను. పెద్ద నర్సమ్మ నెమ్మదిగా వచ్చి ఒక దుప్పటి లాగి, వెలుతురుకి పెట్టి చూసింది, గోరుతో గీరి చూసింది, వాసన చూసింది. మచ్చ లేదు, ఎక్కడా చివకలేదు. అప్పుడు మేనేజర్ని టైమెంతైందని అడిగింది. ఆయన తన చేతిలో గడియారం అప్పుడు చూసుకున్నాడు. సరిగ్గా ముప్పావు గంట.

ఆలోపు తాత నిచ్చెనెక్కి గంట చూశాడు. ఆవిరికి తీగ తుప్పు పట్టి ఊడిపోయింది. గంట కోసం కాచుకుని ఉంటే హాల్లో ఉన్న బట్టంతా చివికిపోయేది, పెద్ద నర్సమ్మ కళ్ళ ముందే.

మేనేజర్ నోరు వెళ్ళబెట్టి పెద్దక్కని అడిగాడు, గంట మోగలేదుగా, నీకెలా తెలిసిందని. పెద్దక్క చేతులు తుడుచుకుంటూ, పాట అయిపోయింది కదండీ అంది. ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

పెద్ద నర్సమ్మ అప్పుడు నవ్వింది. హాలంతా ఒక్కసారి అరిచింది, మావయ్యా. తడివాళ్ళు పొడివాళ్ళని కౌగలించుకుని పొడి బట్టలన్నీ తడిపేశారు, ఎవరూ తిట్టలేదు. సన్నక్క మానేయడం మానేసింది. ప్లేయర్ గోడ పలక మీదికి వచ్చేసింది, ఇక అక్కడే ఉంటుంది. సాయంత్రం గంట బాగుచెయ్యడానికి కరెంటు మనిషి వచ్చి, ఎప్పుడు మోగేలా పెట్టమంటారని అడిగాడు. మేనేజర్ ఏమన్నాడో తెలుసా? ఆ పాట అయ్యాక మోగేలా పెట్టమన్నాడు, మధ్యలో అడ్డం రావద్దన్నాడు.

ఇప్పుడందరూ ఆవిడ ఆల్బమ్ కావాలంటున్నారు. పెద్దక్కకి రెండు, మేనేజర్‌కి ఒకటి. పెద్ద నర్సమ్మ వెళ్ళబోతూ వెనక్కొచ్చి, పాడిందెవరని చిన్నగా అడిగింది.

నీ సూపర్‌వైజర్ మేనకోడలు, పూర్తి స్థాయిలో


మార్చి 10

అమ్మడూ,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. గంట మోగలేదు అన్న చోట ఆగి కాగితం మీ అత్తయ్యకిచ్చాను, మిగతాది తను చదివింది. పాట అయిపోయింది కదండీ అన్న మాట దగ్గర తనూ ఆగింది. కొనడానికి వచ్చిన ఒకాయన మా ఇద్దరి చేతుల్లోంచి కాగితం తీసుకుని మిగతాది పూర్తిచేశాడు.

ఇందులో నా గొప్పేమీ లేదని రాద్దామని కూర్చున్నాను. నీకు అబద్ధాలు ఎందుకు రాయాలి. గెలిచాం. ఆవిడా గెలిచింది, నేనూ గెలిచాను, మీ అత్తయ్యైతే మా అందరికంటే ముందే గెలిచి చెప్పకుండా కూర్చుంది. వినేవాళ్ళు లేరనుకున్నాను ఇన్నాళ్ళూ. వినేవాళ్ళు పనిలో ఉన్నారు, వాళ్ళ దగ్గరికి పాటని నేను తీసుకెళ్ళలేదు. తలుపేసుకుని వినమని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఆదివారం దుకాణం మూసేసి మేమిద్దరం బయల్దేరుతున్నాం. సోమవారం పొద్దున మీ హాల్లో ఉంటాం. కుర్చీలు వెయ్యొద్దు, మర్యాదలు చెయ్యొద్దు. ఒక పెద్ద దుప్పటి చూసి, ఒక చివర మీ అత్తయ్యకిచ్చి, రెండో చివర నాకివ్వు. నాకు మడవడం రాదు. ముడత పడితే పెద్దక్క చేత తిట్టించు, పాట మాత్రం ఆపొద్దు.

వస్తున్న మావయ్య